ఇంటిల్లిపాదికీ డంబెల్స్: కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు

రెండు తరాల క్రితం కృష్ణా డెల్టాలో బలం కోసం డబ్బు పెట్టి ఇనుము కొన్న గృహస్థులు అరుదు. కుప్పనూర్పిళ్ళ రోజుల్లో 75 కిలోల ధాన్యం బస్తాను వీపున వేసుకుని బండికి చేర్చే మనిషికి వేరే కసరత్తు అక్కరలేదు. ఇంట్లో స్త్రీలు తెల్లవారకముందే నూతి నీళ్ళు చేదేవారు, రోకటి పోటు వేసేవారు, తిరగలి త్రిప్పేవారు, పొత్రంతో పిండి రుబ్బేవారు. భుజాలు, వీపు, నడుము, తొడలు అన్నిటికీ ఆ పనుల్లోనే శ్రమ దొరికేది. నేడు నూతి స్థానంలో మోటారు, రోటి స్థానంలో మిక్సీ, పొత్రం స్థానంలో గ్రైండరు వచ్చాయి. ఇందుకు విచారించవలసిన పని లేదు. దంచి, రుబ్బి, మోసి నడుములు వంగిపోయిన ఆనాటి పెద్దలను చూసినవారెవరూ ఆ శ్రమ తిరిగి రావాలని కోరుకోరు. కాని శ్రమ పోయినంత వేగంగా భోజనం మారలేదు. పొలం పని చేసే శరీరానికి వడ్డించినంత అన్నాన్నే కుర్చీలో కూర్చునే శరీరానికీ వడ్డిస్తున్నాము.

ఫలితం మన కళ్ళముందే ఉన్నది. భారత వైద్య పరిశోధనా మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు 10 కోట్లకు పైమాటే. భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో పెద్ద వాటాను పీల్చుకుని వాడుకునేవి కండరాలు. వాటికి పని లేనప్పుడు ఆ చక్కెర రక్తంలోనే నిలిచిపోతుంది. పైగా నడివయస్సు దాటిన తరువాత వాడని కండరం ఏటేటా క్షీణిస్తూ వస్తుంది. నేలమీద కూర్చున్నవారు చేతి ఊతం లేకుండా లేవలేకపోవడం, బియ్యపు డబ్బా జరపలేకపోవడం, స్నానాల గదిలో చిన్న జారుపాటుకే తుంటి ఎముక విరగడం వంటివి వయస్సు వల్లనే వస్తాయని అనుకుంటాము. వాటి వెనుక కండర బలహీనత చాలాసార్లు దాగి ఉంటుంది.

ఉదయపు నడక మంచిదే. దానిని మానవలసిన పని లేదు. అయితే నడక వల్ల చేతులకు, భుజాలకు, వీపుకు తగినంత పని కలగదు. అందుచేతనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలలో వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక వంటి శ్రమతో పాటు కనీసం 2 రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయాలని చెప్పారు. 65 ఏళ్ళు దాటినవారు బలానికి, శరీరాన్ని తూలకుండా నిలుపుకోవడానికి వారానికి 3 రోజులైనా సాధన చేయాలన్నారు. వ్యాయామశాలకు పోయే వీలు, ఓపిక అందరికీ ఉండవు. గృహిణులకు, వృద్ధులకు అసలే ఉండవు. ఇంట్లో ఒక మూల పట్టే డంబెల్స్ జత ఈ లోటును చాలా వరకు తీర్చగలదు. అయితే ఏది పడితే అది కొంటే అది మంచం క్రిందకు చేరడమో, భుజం పట్టేయడమో జరుగుతుంది.

సగం శక్తి అనే కొలత

వ్యాయామం ఎంత చేయాలన్న ప్రశ్నకు మన ఆచార్యులు చక్కని సమాధానం ఇచ్చారు. అష్టాంగ హృదయంలో దినచర్యను వివరిస్తూ వాగ్భటుడు, బలం కలిగి నేయి, నూనెలతో కూడిన ఆహారం తీసుకునేవారు సైతం చలికాలంలోను, వసంతంలోను తమ శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని, మిగిలిన ఋతువుల్లో అంతకంటె తగ్గించుకోవాలని చెప్పాడు. మితం తప్పితే దప్పిక, కృశించడం, ఆయాసం, రక్తపిత్తం, దగ్గు, జ్వరం, వాంతి మొదలైనవి కలుగుతాయని హెచ్చరించాడు.

సగం శక్తి అయినదని తెలిసేది ఎట్లా? సుశ్రుత సంహిత చికిత్సాస్థానంలో దీనికి గుర్తు ఉన్నది. హృదయంలోని వాయువు నోటికి చేరినప్పుడు సగం బలం ఖర్చయినట్లు. అంటే ముక్కుతో తీసే శ్వాస చాలక నోరు తెరవవలసి వచ్చిన క్షణాన ఆగిపోవాలి. నుదుట, ముక్కుమీద, చంకలలో చెమట పట్టడం కూడా ఒక గుర్తుగా చెబుతారు గాని, మే నెలలో విజయవాడలో ఊరికే కూర్చున్నా నుదుట చెమట పడుతుంది గనుక మన ప్రాంతంలో శ్వాసనే ప్రమాణంగా తీసుకోవడం మేలు.

ఈ కొలత మనిషిని బట్టి మారుతుంది. ఒకే ఇంట్లో ఇరవై ఏళ్ళ కుమారుడి సగం శక్తి 10 కిలోల డంబెల్ కావచ్చు. తండ్రికి అది 6 కిలోలు, తల్లికి 3 కిలోలు, నాయనమ్మకు అర కిలో కావచ్చు. అదే మనిషికి సంక్రాంతి నాటి శక్తి రోహిణీ కార్తెలో ఉండదు. జ్వరపడి లేచిన వారంలో అసలే ఉండదు. బరువు మారని డంబెల్స్ కొంటే ఇంట్లో ఒకరికి సరిపోయినది మరొకరికి పనికిరాదు, సరిపోయినవారికి కూడా మూడు నెలల తరువాత తేలికైపోతుంది. బరువును పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలున్న డంబెల్స్ కుటుంబానికి ఉపయోగపడడానికి కారణం ఇదే. పెంచుకోవడానికి ఎంత వీలు ఉండాలో తగ్గించుకోవడానికీ అంత వీలు ఉండాలి.

ఎన్ని కిలోలు అని కాదు, ఎంతేసి కిలోలు అని అడగండి

దుకాణంలో అడుగు పెట్టగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, “ఎన్ని కిలోల సెట్టు కావాలండీ?” అన్నదే. ఇరవై కిలోలదనో, ముప్పై కిలోలదనో చెప్పి డబ్బు చెల్లించి వచ్చేస్తాము. ఇరవై కిలోల సెట్టు అంటే సాధారణంగా రెండు డంబెల్స్ కలిపి ఇరవై కిలోలు, చేతికి పది మాత్రమేనన్న సంగతి ఇంటికి వచ్చాక తెలుస్తుంది. అది చిన్న విషయం. అసలు చూడవలసినది మొత్తం బరువును కాదు, ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు ఎంత బరువు పెరుగుతున్నదన్న దానిని.

లెక్క చూడండి. రాడ్డు, దాని నట్లు కలిసి 2 కిలోలు ఉన్నాయని అనుకుందాం. ప్లేట్లను రెండు వైపులా సమానంగా ఎక్కించాలి గనుక ప్రతి మెట్టుకూ పెరిగే బరువు ప్లేటుకు రెండింతలు. సెట్టులో ఉన్న చిన్న ప్లేటు రెండున్నర కిలోలది అయితే మీకు దొరికే బరువులు 2, 7, 12 కిలోలు మాత్రమే. ఏడు కిలోలను హాయిగా ఎత్తే మనిషి తరువాతి మెట్టుగా పన్నెండు ఎత్తాలి. అంటే ఒక్కసారిగా నూటికి 70 వంతుల భారం పెంచినట్లు. ఏ భుజమూ దీనికి సిద్ధంగా ఉండదు. కొందరు పట్టుదలకు పోయి ఎత్తి భుజం నొప్పి తెచ్చుకుంటారు, మరికొందరు ఆ ఏడు కిలోల దగ్గరే ఆగి విసుగు చెంది మానేస్తారు. అదే చిన్న ప్లేటు అర కిలోది ఉంటే మెట్టు ఒక్క కిలో మాత్రమే.

ఇది ఇళ్ళలో సాధన చేసే అర్భకుల సంగతి మాత్రమే అనుకోరాదు. ఉయ్యూరు దగ్గరి గండిగుంటలో 1916లో జన్మించిన దండమూడి రాజగోపాలరావు గారి పేరు మన ప్రాంతంలో తెలియనివారు తక్కువ. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తి కాంస్య పతకం తెచ్చినది, 1963లో వచ్చిన నర్తనశాల చిత్రంలో భీముడిగా కనిపించినది వారే. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి వారి పేరే పెట్టారు. అటువంటి మల్లులు పోటీపడే వెయిట్ లిఫ్టింగులో కూడా బరువు పెంచే కనీసపు మెట్టు చాలాకాలం 2.5 కిలోలు. 2005 నుంచి దానిని 1 కిలోకు తగ్గించారు. రెండు చేతులతో వందల కిలోలు ఎత్తేవారికే కిలో మెట్టు చాలునన్నప్పుడు, ఒక చేత్తో మూడు కిలోలు ఎత్తే గృహిణికి ఐదు కిలోల మెట్టు ఎంత అసంగతమో ఆలోచించండి.

మరి ఏయే ప్లేట్లు కొనాలి? కిరాణా కొట్టులో తూకపు రాళ్ళను గుర్తు తెచ్చుకోండి. 1, 2, 4 కిలోల రాళ్ళు మూడే ఉన్నా ఒకటి నుంచి ఏడు కిలోల వరకు ఏ తూకమైనా తూచవచ్చు. ఆ సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. రెండు రాడ్లకు కలిపి అర కిలోవి 4, కిలోవి 4, రెండు కిలోలవి 4, వెరసి 12 ప్లేట్లు తీసుకుంటే ఒక్కొక్క డంబెల్‌ను 2 కిలోల నుంచి 9 కిలోల వరకు కిలో చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. రాడ్లతో కలిపి మొత్తం 18 కిలోల ఇనుము. మధ్యతరగతి కుటుంబంలో నలుగురికి ఏడాది కాలం ఇది చాలుతుంది. ఆపైన ఇంట్లోని యువకులకు అవసరమైతే రెండున్నర కిలోల ప్లేట్లు మరో 4 చేర్చుకోవచ్చు. అప్పుడు మధ్యలో ఏ కిలో తప్పిపోకుండా 14 కిలోల వరకు చేరుతుంది. అర కిలో ప్లేట్లు అన్ని దుకాణాల్లోనూ సిద్ధంగా ఉండవు. చెప్పి తెప్పించుకోవడానికి సంకోచించకండి. అవి లేని సెట్టు ఎంత చవకగా వచ్చినా కుటుంబానికి పనికివచ్చేది కాదని నా ఉద్దేశం.

క్రింది హద్దును కూడా మరువరాదు. ప్లేట్లు ఏవీ లేకున్నా రాడ్డు బరువు ఉండనే ఉంటుంది. 70 ఏళ్ళ వృద్ధురాలికి ఆ రెండు కిలోలే ఎక్కువ. అటువంటి వారికి కొనవలసినది ఏమీ లేదు. అర లీటరు నీళ్ళ సీసా అర కిలో, లీటరు సీసా కిలో తూగుతాయి. లీటరు సీసాలో పొడి ఇసుక నింపితే ఒకటిన్నర కిలోలు దాటుతుంది. ఆ మెట్లు ఎక్కిన తరువాత రాడ్డు పట్టుకోవచ్చు.

రకాలు, వాటి గుణదోషాలు

మన ఊళ్ళలో ఎక్కువగా దొరికేది రాడ్డు, ప్లేట్లు, వాటిని బిగించే లాకులతో కూడిన రకం. ఇంటి వాడుకకు వచ్చే రాడ్డు పొడవు సుమారు 14 అంగుళాలు. లాకులు రెండు విధాలు. రాడ్డు చివర మరలు కోసి నక్షత్రాకారపు నట్టుతో బిగించేది ఒకటి, స్ప్రింగు క్లిప్పు తొడిగేది ఇంకొకటి. స్ప్రింగు క్లిప్పు తొందరగా పెట్టి తీయవచ్చు గాని, కొన్నాళ్ళకు సాగి పట్టు వదులుతుంది. డంబెల్‌ను నిలువుగా పట్టుకున్నప్పుడు ప్లేటు జారి పాదం మీద పడిందంటే వ్రేళ్ళు నలిగిపోతాయి. అందుచేత ఇంట్లో పిల్లలు తిరిగే చోట మరల రాడ్డే మేలు. దాని నట్టులో రబ్బరు వాషరు ఉండాలి. మోచేయి మడిచి ఎత్తేటప్పుడు మణికట్టు తిరుగుతుంది గనుక నట్టు కొద్దికొద్దిగా వదులవుతూ ఉంటుంది. ప్రతి సెట్టుకు ముందు రెండు వైపులా బిగించి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

ప్లేట్లలో పోత ఇనుమువి, రబ్బరు తొడుగు ఉన్నవి, ప్లాస్టిక్ డొల్లలో సిమెంటు నింపినవి అని మూడు రకాలు. సిమెంటువి చవక. అయితే ఇనుము సాంద్రత కాంక్రీటు సాంద్రతకు మూడు రెట్లు. అంటే ఒకే బరువుకు సిమెంటు ప్లేటు ఇనుప ప్లేటుకు మూడింతల చోటు ఆక్రమిస్తుంది. మూడు నాలుగు ప్లేట్లు ఎక్కించేసరికి రాడ్డు నిండిపోయి నట్టుకు చోటు మిగలదు. ఒకసారి క్రింద పడితే డొల్ల పగిలి పొడి రాలుతుంది, ఆపైన దాని బరువు ఎంతో ఎవరికీ తెలియదు. పోత ఇనుము ప్లేటు తాతగారు కొంటే మనుమడు వాడవచ్చు. రబ్బరు తొడుగు నేలను, ప్లేటును రెండింటినీ కాపాడుతుంది గాని కొత్తలో వాసన ఘాటుగా ఉంటుంది. కొన్ని రోజులు నీడలో గాలి తగిలేచోట ఉంచితే తగ్గుతుంది.

ఇటీవలి సంవత్సరాల్లో ఇంకొక రకం వచ్చింది. తొట్టెలాంటి పీఠంలో ప్లేట్లన్నీ వరుసగా నిలబడి ఉంటాయి. పిడి చివరనున్న చక్రాన్ని త్రిప్పి కావలసిన అంకె దగ్గర ఉంచితే అన్ని కిలోల ప్లేట్లే పిడితో లేస్తాయి, మిగిలినవి పీఠంలో ఉండిపోతాయి. నట్లు విప్పి బిగించే శ్రమ లేదు. చోటు తక్కువ. ఒకరి తరువాత ఒకరు వెంటవెంటనే చేసే ఇంట్లో సౌకర్యమే. ధర మాత్రం ఇనుప సెట్టుకు ఎన్నో రెట్లు. లోపల ప్లాస్టిక్ భాగాలు, చిన్న కొక్కేలు ఉంటాయి గనుక క్రింద పడవేయరాదు. ఎంత తక్కువ బరువు పెట్టుకున్నా చాలా నమూనాలలో పొడవు తగ్గదు. చిన్న చేతులవారికి ఇది అడ్డు.

ఈ రకంలో మరొక చిక్కు ఉన్నది. కొక్కెం పూర్తిగా పట్టుకున్నదీ లేనిదీ పైకి కనిపించదు. అమెరికాలో బోఫ్లెక్స్ పేరుతో అమ్ముడైన ఇటువంటి రెండు నమూనాలను, 552ను, 1090ను, 2025 జూన్‌లో వెనక్కు పిలిపించారు. సుమారు 38 లక్షల డంబెల్స్ ఆ ప్రకటన క్రిందకు వచ్చాయి. ఎత్తి ఉండగా ప్లేట్లు ఊడిపడుతున్నాయని వందల ఫిర్యాదులు, వందకు పైగా గాయాలు నమోదు కావడమే కారణం. పేరున్న కంపెనీ సరుకుకే ఈ గతి పట్టినప్పుడు, అదే ఆకారంలో ఊరూ పేరూ లేకుండా అమ్ముడయ్యే నకళ్ళ విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పనక్కరలేదు. ఇటువంటివి ఇప్పటికే ఇంట్లో ఉన్నవారు చక్రం త్రిప్పిన తరువాత డంబెల్‌ను పీఠానికి జానెడు ఎత్తులో ఒక్క క్షణం ఆపి, మెల్లగా కదిపి చూసి, అటుపిమ్మట మాత్రమే పైకి ఎత్తాలి. తల మీదుగా ఎత్తే వ్యాయామాలకు, పడుకుని ముఖం మీదుగా ఎత్తే వ్యాయామాలకు వాడకపోవడం ఉత్తమం.

దుకాణంలో పరీక్ష

గవర్నర్‌పేటలో కొన్నా, గుడివాడలో కొన్నా, బందరులో కొన్నా సరుకు చాలావరకు మీరట్, జలంధర్ వంటి ఉత్తరాది పట్టణాల నుంచి వచ్చేదే. కనుక దుకాణం గొప్పతనం కంటె వస్తువును చూడాలి. మీద 5 అని పోతపోసినంత మాత్రాన ప్లేటు సరిగా 5 కిలోలు ఉండాలని లేదు. జతలోని రెండు ప్లేట్లనూ కాటా మీద పెట్టించండి. మొత్తం తూకంలో కొంచెం తేడాను క్షమించవచ్చు గాని, ఒకే జతలో తేడా ఉంటే డంబెల్ ఒక ప్రక్కకు ఒరుగుతూ మణికట్టును లాగుతుంది. అటువంటి జతను తీసుకోవద్దు.

రాడ్డు మీద ప్లేటు ఎక్కించి కదిపి చూడాలి. రాడ్డు సన్నమై ప్లేటు రంధ్రం పెద్దదైతే ఎంత బిగించినా లొడలొడలాడుతుంది. తరువాతి కాలంలో అదనపు ప్లేట్లు కొనబోయేటప్పుడు ఇంట్లోని రాడ్డును సంచిలో వేసుకుని వెళ్ళడం మరవకండి. రంధ్రాల కొలతలు అన్ని సరుకుల్లో ఒకటిగా ఉండవు. పిడి మీద గరుకు గళ్ళు తప్పనిసరిగా ఉండాలి. మన డెల్టా ఉక్కలో నున్నని క్రోమియం పిడి సబ్బుబిళ్ళలా జారుతుంది. ఆ గళ్ళు మరీ పదునుగా ఉంటే అరచేయి కోసుకుపోతుంది. ఇంట్లో స్త్రీలు వాడేటట్లయితే వారిని వెంట తీసుకువెళ్ళి పట్టి చూడమనండి. పిడి లావుగా ఉండి వ్రేళ్ళు చుట్టూ అందకపోతే బరువు ఎత్తకముందే ముంజేయి అలసిపోతుంది.

ఇంట్లో సాధన

మీకు తగిన బరువును తెలుసుకునే పద్ధతి సులభం. ఒక బరువును పది, పన్నెండు సార్లు ఎత్తండి. చివరి రెండు సార్లు కష్టంగా అనిపించాలి, కాని ఇంకా రెండు మూడు సార్లు చేయగల ఓపిక మిగిలి ఉండాలి, నోరు తెరవవలసి రాకూడదు. అదే మీ బరువు. ఆరేడు సార్లకే రొప్పు వస్తే ఒక మెట్టు దిగండి. పదిహేను సార్లు తేలికగా అయితే ఒక మెట్టు ఎక్కండి. ఛాతీ దగ్గర డంబెల్ పట్టుకుని కూర్చుని లేవడం, ముందుకు వంగి వీపు నిటారుగా ఉంచి పొట్ట వైపు లాగడం, భుజాల మీదుగా పైకి ఎత్తడం, మోచేయి మడవడం అనే నాలుగూ రెండేసి సెట్లు, వారానికి రెండు మూడు రోజులు చేస్తే ఇంటివారికి చాలును. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, దించేటప్పుడు తీసుకోవాలి. ఊపిరి బిగబట్టి ఎత్తితే రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది.

వాగ్భటుడు వసంతంలో సగం శక్తికి అనుమతి ఇచ్చినా, మన డెల్టాలో వైశాఖం నాటికే ఎండలు ముదురుతాయి. కార్తీకంలో ఆరంభించి ఫాల్గుణం వరకు మెట్లు ఎక్కడం, ఎండాకాలంలో మెట్టు పెంచకుండా సెట్లు తగ్గించి తెల్లవారుజామున ముగించడం మన ప్రాంతానికి అనువైన పద్ధతి.

బరువులెత్తితే ఆడపిల్లలు మగవారిలా తయారవుతారన్న భయం ఇంకా పోలేదు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచిన శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి ఏళ్ళ తరబడి చేసిన సాధనకు, వంటింటి ప్రక్కన మూడు కిలోలు ఎత్తడానికి పోలికే లేదు. నెలసరి ఆగిపోయిన తరువాత ఎముకలు గుల్లబారే ప్రమాదం స్త్రీలకే ఎక్కువ. బరువు మోసే వ్యాయామం ఎముకకు కూడా బలమిస్తుంది గనుక ఇంట్లో ఈ డంబెల్స్ అవసరం కుమారుడి కంటె తల్లికే ఎక్కువ అని చెప్పాలి.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వాతపిత్త రోగులు, బాలురు, వృద్ధులు, అజీర్ణం కలవారు వ్యాయామం విడిచిపెట్టాలని వాగ్భటుడే చెప్పాడు కదా, మరి వృద్ధులను ఎత్తమనడం శాస్త్ర విరుద్ధం కాదా? ఆనాటి వ్యాయామం అనగా మల్లయుద్ధం వంటి తీవ్రమైన శ్రమ అని మనం గుర్తుంచుకోవాలి. ఆనాటి వృద్ధుడికి నిత్యజీవితంలోనే నడక, బరువు, వంగి లేవడం ఉండేవి. నేటి వృద్ధుడు సోఫాలో కూర్చుని ఉంటాడు. కుర్చీలో కూర్చుని అర కిలో సీసాను పదిసార్లు ఎత్తడాన్ని ఆ నిషేధం క్రిందకు తీసుకురావడం సరికాదని నా అభిప్రాయం. పెరిగే పిల్లలకు మాత్రం పెద్దల బరువులు ఇవ్వకుండా ఆటలు, బస్కీలు చాలించడం మంచిది.

రక్తపోటు అదుపులో లేనివారు, గుండె జబ్బు ఉన్నవారు, గిలక (హెర్నియా) ఉన్నవారు, మధుమేహం వల్ల కంటి నరాలు దెబ్బతిన్నవారు, గర్భిణులు వైద్యుని అనుమతి లేకుండా డంబెల్స్ ముట్టరాదు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించే మాత్రలు గాని వాడేవారు పరగడుపున చేయకుండా, అందుబాటులో ఒక బెల్లం ముక్కో, పండో ఉంచుకోవాలి. ఎత్తుతుండగా గుండెలో బిగువు, ఎడమ చేతికి ప్రాకే నొప్పి, కళ్ళు తిరగడం కలిగితే అది చిట్కాలతో పోయేది కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కొత్తగా ఆరంభించినవారికి రెండవ రోజున కండరాలు పచ్చిపుండులా నొప్పి పెడతాయి. ఇది సహజం, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. గోరువెచ్చని నువ్వుల నూనెతో గాని, మహానారాయణ తైలంతో గాని మర్దన చేసుకుని, సున్నిపిండితో నలుగు పెట్టుకుని వేడినీళ్ళ స్నానం చేస్తే హాయిగా ఉంటుంది. వ్యాయామం తరువాత శరీరాన్ని మర్దించాలన్న నియమం శాస్త్రంలో ఉన్నదే. తల అంటుకుని, ఒళ్ళంతా నూనె పట్టించుకుని డంబెల్స్ ఎత్తే పని మాత్రం పెట్టుకోవద్దు, జిడ్డు చేతిలో ఇనుము నిలవదు. కీలు వాచినా, ఒకే చోట పోటు వారం దాటినా మర్దన చేయకుండా వైద్యునికి చూపించాలి. ఆహారంలో ఆ రోజున అన్నం ఒక ముద్ద తగ్గించి పెసరపప్పో, ఉలవచారో, మజ్జిగో పెంచడం కండరానికి మేలు. ఒక సున్నుండ తినవచ్చు. మధుమేహం ఉన్నవారికి ఆ మినహాయింపు లేదు.

భద్రపరచడం

నున్నని పలకరాతి నేల మీద గాని, టైల్స్ మీద గాని డంబెల్ పడితే నేలే పగులుతుంది. అపార్టుమెంట్లలో క్రింది ఇంటివారి నిద్ర కూడా చెడుతుంది. దళసరి రబ్బరు చాప ఒకటి పరచుకోవాలి. తాటాకు చాప జారుతుంది, పనికిరాదు. చెమట తగిలిన ఇనుము త్వరగా త్రుప్పు పడుతుంది. బందరు, అవనిగడ్డ వైపు సముద్రపు గాలికి మరీ త్వరగా పడుతుంది. వాడిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడిచి, పదిహేను రోజులకు ఒకసారి రాడ్డు మరలకు కుట్టుమిషను నూనె పలచగా రాయండి. కొబ్బరినూనె అయితే కొన్నాళ్ళకు బంకగా మారి దుమ్ము పట్టుకుంటుంది. ఏటి ఒడ్డునో, పల్లంలోనో ఉన్న ఇళ్ళలో వీటిని మంచం క్రింద ఉంచడం కంటె గట్టి అరుగు మీద ఉంచడం నయం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతంలోని ఇళ్ళు రోజుల తరబడి నీటిలో నానిన సంగతి మనకు తెలుసు. ఒండ్రు చేరిన ఇనుప ప్లేటును కడిగి, ఎండబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, నూనె రాసి మళ్ళీ వాడుకోవచ్చు. చక్రం త్రిప్పే రకంలో లోపలి కొక్కేలకు మట్టి చేరితే మాత్రం దానిని ఎత్తే సాహసం చేయక, పాత సామానుల వాడికి ఇచ్చివేయడమే క్షేమం.